గడప మీది గొంతు

అత్త భోజనానికి పిలిచింది. ఆయన మంచం కిందికి దూరాడు.

యుద్ధం నుంచి సెలవు మీద వచ్చి ఇంకా ఒక పూట కూడా కాలేదు. ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, లోపలి గదిలో మంచం మీద కూర్చున్నాడు నా మొగుడు. నేను కంచం పెట్టాను. అత్త ఎప్పటిలాగే గడప మీద నిలబడి, ఎప్పటి గొంతుతోనే, "నాయనా, ఇంక రా. చల్లారిపోతోంది" అంది. లోపల ఏదో దొర్లిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఆయన మంచం కింద బోర్లా పడుకుని ఉన్నాడు. ఎడమ అరచేత్తో చెవి మూసుకున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాపి ఉంది. దాని చూపుడువేలు వంగుతోంది, చాచుకుంటోంది, మళ్ళీ వంగుతోంది.

"ఏంట్రా, ఏం పడేసుకున్నావు అక్కడ?" అని అత్త వంగి చూసింది.

"అమ్మా, నువ్వలా పిలవకు. నీకు దణ్ణం పెడతా. ఇంకెప్పుడూ పిలవకు."

అత్త నా ముఖం చూసింది. నేను కంచం చూశాను. బయట వీధి మలుపులో లౌడ్‌స్పీకరు ఆ పూట గెలుపుల గురించి చెబుతోంది.

మాది నేత మిల్లు. యుద్ధానికి ముందు దుప్పట్లు నేసేవాళ్ళం. ఇప్పుడు గుడారాల గుడ్డ, గాయాలకు కట్టే గుడ్డ నేస్తున్నాం. మగవాళ్ళు నది ఒడ్డుకు పోయారు, మగ్గాలన్నీ ఆడవాళ్ళ చేతికొచ్చాయి. నదికి అవతల శత్రువు. శత్రువంటే ఎవరో కాదు, మా మాటే మాట్లాడతారు. అటు పిల్లనిచ్చాం, అటునుంచి పిల్లని తెచ్చుకున్నాం. మా ఆడబిడ్డని ఇచ్చింది అవతలి ఒడ్డుకే. ఆమె కొడుక్కి ఈపాటికి మీసాలు వచ్చుంటాయి. మీసాలొస్తే తుపాకీ వస్తుంది, ఇటైనా అంతే, అటైనా అంతే.

మిల్లుకీ మేమున్న ఇళ్ళకీ కలిపి ఒకే ప్రహరీ, ఒకే గేటు. యుద్ధం మొదలయ్యాక దానికి తాళం పడింది. కుళాయి దగ్గర ఒక లౌడ్‌స్పీకరు, వీధి మలుపులో ఒకటి, షెడ్డు గుమ్మానికి ఒకటి. ఆపే మీట మాకు అందే చోట లేదు. పొద్దున గెలుపులు, సాయంత్రం ద్రోహుల పేర్లు. గోడలకు చెవులుంటాయి జాగ్రత్త అని గోడల మీదే రాయించారు. ఆ రాతలు వచ్చాక పక్కింటికి వెళ్ళి చిటికెడు ఉప్పు అడగడం కూడా మానేశాం. ఎవరి మాట ఎవరు మోస్తారో తెలియదు.

అయితే గోడలకు చెవులున్నాయి గానీ కళ్ళు లేవు. అదొక్కటే మాకు మిగిలిన అదృష్టం. మరమగ్గాలు ఆడుతుంటే షెడ్డులో పిడుగు పడ్డా వినపడదు. అందుకని నేతవాళ్ళం గొంతుతో మాట్లాడం, పెదాలతో మాట్లాడతాం. నోరు పెద్దగా విప్పి, కనుబొమలు కలిపి, మాట మాటకీ ముఖమంతా కదుపుతాం. షెడ్డు ఆ చివర ఎవరి కోడలు నెల తప్పిందో ఈ చివర తెలిసిపోతుంది. కొత్తగా వచ్చిన మేస్త్రీ మమ్మల్ని చూసి, "వీళ్ళందరికీ పంటినొప్పా?" అన్నాడట. మేం కూడా ఆయన గురించి చాలా అన్నాం. ఆయనకు వినపడలేదు.

ఆ మిల్లులోకి కొన్నాళ్ళ కిందట మెత్తనయ్య వచ్చాడు. అసలు పేరు ఎవరికీ తెలియదు. మనోబల శాఖ అధికారి. మనిషి మనసు ఎలా పనిచేస్తుందో పెద్ద చదువు చదివినవాడట. గొంతు పెంచేవాడు కాదు. మాలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగాడు. మాకు బుద్ధెరిగాక ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆ ఒక్క మాటకే సగంమందిమి కళ్ళు తుడుచుకున్నాం.

"గుండు పేలితే మనిషి తల దాచుకుంటాడమ్మా. తల్లి పిలిస్తే తల ఎత్తుతాడు" అన్నాడు మెత్తనయ్య. "మీరు పిలవండి. అవతలి పిల్లలు తుపాకీలు కింద పెట్టి వచ్చేస్తారు. రక్తం చుక్క కూడా పడదు."

"మా మనవడు వింటాడా బాబూ?" అని అడిగింది అత్త.

"తప్పకుండా వింటాడు."

గుమాస్తా గదిలో మైకు పెట్టారు. అత్త దాని ముందు కూర్చుని చక్కగా పిలిచింది. తిప్పి వినిపిస్తే టేపు ఖాళీ. మళ్ళీ పిలిచింది, మళ్ళీ ఖాళీ. మెత్తనయ్య అలా చూస్తూ ఉండిపోయాడు. "అమ్మా, నోరు కదిలింది గానీ మాటేది?" అన్నాడు. కిటికీలోంచి చూస్తున్న మేమందరం నవ్వాం. ఇంట్లో గొంతు, పనిలో పెదాలు. ఒళ్ళు అలా అలవాటు పడిపోయింది. మిల్లు గోడల మధ్య కూర్చోబెట్టి మాట్లాడమంటే అత్త గొంతు తనంతట తానే లోపలికి పోయింది. మాలో చాలామందికి అదే అయింది.

అప్పుడు మెత్తనయ్య అత్త పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కళ్ళు మూసుకోండమ్మా. ఇది మిల్లు కాదు. మీ గడప. సంధ్యవేళ అయింది. అబ్బాయి ఇంకా ఇంటికి రాలేదు. కంచంలో పెట్టేశారు."

అత్త గొంతు బయటికి వచ్చింది. మాకు కూడా ఆకలేసింది.

ఆ గొంతు నది ఒడ్డున ఏం చేసిందో మంచం కిందినుంచి వచ్చాక నా మొగుడు కంచం ముందు కూర్చుని చెప్పాడు.

"నది సన్నగా ఉన్నచోట వాళ్ళ గోతులు మాకు కనపడతాయి. సంధ్యవేళ ముందు గరగరమని చప్పుడొస్తుంది. తర్వాత నీ గొంతు. మొదటిసారి నువ్వే వచ్చావనుకుని వెనక్కి చూశాను. పక్కవాడు వీపు మీద గుద్దాడు, ముందుకు చూడు, తలలు లేస్తాయి అన్నాడు."

"లేచారా?" అంది అత్త.

"లేచారు. అందరూ కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు, చిన్నవాళ్ళు. తల లేస్తే కాల్చమని ఆర్డరు."

"తుపాకీలు పట్టుకుని లేచారా?"

"ఒకడు కంచం పట్టుకుని లేచాడు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. అత్త దాన్ని లోపలికి తోసింది. మేమిద్దరం ఏ మాటకు భయపడుతున్నామో ఆ మాటే అడిగింది.

"వాళ్ళలో మన పిల్లాడు ఉన్నాడా?"

"మేనల్లుడిని ఎప్పుడో చిన్నప్పుడు చూశాను. ముఖం గుర్తులేదమ్మా."

అత్త ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తినలేదు. పట్టుకుని కూర్చున్నాడు.

"పంజరంలో పిట్టని కూయిస్తారు చూడు, మిగతా పిట్టలు కిందికి దిగడానికి" అంది అత్త నాతో. "నన్ను కూయించారే."

మర్నాడు మెత్తనయ్య మమ్మల్ని షెడ్డు గుమ్మం దగ్గర పోగు చేశాడు. పాత టేపులు పనిచేయడం లేదట. ఎప్పుడూ అవే మాటలు రావడంతో అవతలివాళ్ళు పసిగట్టేశారట. ఈసారి టేపు లేదు. మగ్గాలు ఆపి, షెడ్డులోనే మైకులు పెట్టి, అమ్మలందరి గొంతులూ తీగ మీద నేరుగా నదికి పంపుతారట. శనివారం సంధ్యవేళ. రానివాళ్ళ పేర్లు సాయంత్రం లౌడ్‌స్పీకరులో వస్తాయి. ఆ మాట కూడా వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత అత్తని పక్కకు పిలిచాడు. నేను నూలు కండెల బుట్ట సర్దుతున్నట్టు అక్కడే నిలబడ్డాను.

"అబ్బాయికి నిద్ర పట్టడం లేదు కదమ్మా?"

అత్త ఉలిక్కిపడింది. మా ఇంటి గోడ కూడా వింటోందన్నమాట.

"అలాంటివాణ్ణి మళ్ళీ గోతిలోకి పంపాలంటే నాకూ కష్టంగా ఉంది. వెనక వంటశాలలో వేయించగలను. గుండు అంత దూరం రాదు. మీరు శనివారం బాగా పిలవండి."

"పిలవకపోతే?"

"అలా ఎందుకు అనుకోవాలమ్మా? మీరు తల్లి కదా."

ఆ పూట మగ్గాలు మొదలయ్యాక సభ జరిగింది. మేస్త్రీ మా మధ్యే తిరుగుతున్నాడు. దారం మోసే నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. మా చేతులు పోగులు అతుకుతున్నాయి. మా పెదాలు కదులుతున్నాయి.

సభ పెట్టింది మేం పిడుగు అని పిలుచుకునే ఆమె. పొట్టి మనిషి. సంఘాన్ని నిషేధించక ముందు మా సంఘానికి ఆమే నాయకురాలు. అందరికీ పెదాలు కనపడాలని కండెల పెట్టె మీద ఎక్కి మగ్గం నడుపుతుంది. అత్త చెప్పింది మగ్గం నుంచి మగ్గానికి పాకింది. కంచం మాట చేరినచోటల్లా ఎవరో ఒకరి పోగు తెగింది.

"మైకులు పగలగొడదాం" అంది పిడుగు.

"ఇంకోటి తెచ్చుకుంటారు. నీ బుర్ర పగిలితే ఇంకోటి తెస్తారా?" అంది కట్ల గుడ్డ నేసే వదిన.

"అయితే ఎవరం రావద్దు."

"సాయంత్రానికి ద్రోహుల్లో నా పేరు వస్తుంది. రేషన్ ఆగిపోతుంది. పిల్లలకి నీ సమ్మె ఉడకేసి పెట్టనా?"

"రేపు అటువాళ్ళూ ఇలాగే పిలిస్తే మీ ఆయన కూడా తల ఎత్తుతాడు, అప్పుడు ఉడకేసుకుందువుగాని."

"నా మొగుడి జోలికొస్తే పళ్ళు రాలగొడతా."

ఇదంతా చప్పుడు లేకుండానే. మేస్త్రీ ఇద్దరి మధ్యనుంచీ ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడు మెట్లింటామె మాట్లాడింది. మా వీధిలో మెట్లున్న ఇల్లు ఆమెది ఒక్కటే. ఒక్కగానొక్క కొడుకు నది ఒడ్డున పోయాడు. వీరమరణం అని లౌడ్‌స్పీకరులో చెప్పారు. ఆ రోజునుంచి ఆమె పెదాలు కదలగా మేం చూడలేదు.

"చావనీ" అంది. "నా కొడుకుని చంపేటప్పుడు వాళ్ళ అమ్మలెవరైనా అడ్డం పడ్డారా? వాళ్ళ కంచాలు కూడా ఖాళీ అవనీ. నేను పిలుస్తాను. మీ అందరి బదులూ నేనే పిలుస్తాను."

పిడుగు తల వంచుకుంది.

కాసేపటికి అత్త చెయ్యి ఎత్తింది. "మొదటి రోజు నా టేపు ఖాళీగా వచ్చింది, గుర్తుందా? శనివారం కూడా అలాగే రావాలి. నోరు కదుపుదాం, గొంతు పెట్టొద్దు. మెత్తనయ్య చెవులకు ఆ వినే డిప్పలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. తీగ పాడైందనుకుంటాడు. తేలేలోపు సంధ్య దాటిపోతుంది."

"మర్నాడు?"

"మర్నాటి వంట మర్నాడే కదా చేస్తాం."

"మరి నీ కొడుకో?" అని అడిగింది వదిన.

అత్త మగ్గంలో పోగు తెగింది. మగ్గం ఆపి, ముడి వేసి, మళ్ళీ నడిపింది.

సాయంత్రం మెట్లింటామె మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఆయన్నే చూస్తోంది.

"బాబూ, అటువైపు కూడా మైకు ఉందా?"

ఆయన నావంక చూశాడు. చెప్పమన్నట్టు తల ఊపాను.

"ఉందత్తయ్యా. అటునుంచీ ఒక అమ్మ పిలుస్తుంది."

"ఏమని?"

"ఇలాగే. తిందువు రా నాయనా అని."

"మనవాళ్ళు లేచారా?"

"లేచారు."

"నా కొడుకు లేచాడా?"

"నాకు తెలియదు. మేం వేరే గోతిలో ఉన్నాం. నిజంగా తెలియదు."

ఆమె ద్వారబంధం పట్టుకుంది. "లేచే ఉంటాడు" అంది. "వాడు రెండోసారి పిలిపించుకునేవాడు కాదు." అని మెట్లు దిగుతున్నట్టు జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళిపోయింది. మా ఇంటికి మెట్లు లేవు.

ఆయన అత్త వైపు తిరిగాడు. "వంటశాల నాకొద్దమ్మా. నువ్వు పిలిచి నన్నక్కడ కూర్చోబెడితే నేనెవరికి వండాలి?"

"నోరు మూసుకుని కూర్చో. నిన్ను కన్నది నేను. నీకేం కావాలో నాకు తెలుసు."

ఆ మాటకి నాకు భయమేసింది. అత్త ఏం చేస్తుందో నాకు అంతుపట్టలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడింది ఆవిడ ఒక్కతే. నా మొగుడు వంటశాలలో బతికి ఉంటే చాలని నా మనసులో ఒక మూల అనుకోలేదని చెప్పలేను. మా ప్రతి ఇంట్లోనూ అలాంటి మూల ఒకటి ఉందని మెత్తనయ్యకు తెలుసు. ఆయన చదువుకున్నది దాని గురించే.

శనివారం సంధ్యవేళ మగ్గాలు ఆగాయి.

షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మా ఊపిరి మాకే వినపడి సిగ్గేసింది. తలుపుల దగ్గర తుపాకీలతో సైనికులు. మగ్గాల మధ్య మైకులు. మూల బల్ల దగ్గర తీగలవాడు. మెత్తనయ్య చెవులకు డిప్పలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేలెత్తి సైగ చేశాడు.

మేం పిలిచాం. ఇన్ని నోళ్ళు ఒకేసారి విచ్చుకున్నాయి. ముఖాలు కదిలాయి, మెడల్లో నరాలు లేచాయి. చీమ చిటుక్కుమనలేదు. ఇన్ని పెదాలూ ఒకే మాట అంటున్నాయి: లేవకు. లేవకు నాయనా, లేవకు. మెట్లింటామె ముఖం చూశాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, పెదాలు అదే మాట అంటున్నాయి.

మెత్తనయ్య కళ్ళు మూసుకునే ముఖం చిట్లించాడు. "తీగ చూడు" అన్నాడు. తీగలవాడు బల్ల కిందికి దూరాడు. మీటలు తిప్పాడు. ఒక తీగ పీకి ఇంకో తీగ పెట్టాడు. పైకప్పు అద్దాల్లోంచి వచ్చే వెలుతురు ఎర్రబడింది, తర్వాత బూడిదరంగు అయింది. తలుపు దగ్గరున్న ఒక సైనికుడు, మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు, మా నోళ్ళవంక నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చెప్పేస్తాడనుకున్నాను. వాడు కళ్ళు దించుకున్నాడు.

చివరికి మెత్తనయ్య కళ్ళు తెరిచాడు.

చూశాడు. ఒక్క క్షణంలో అర్థమైపోయింది. అరుస్తాడనుకున్నాం. చెవుల మీది డిప్పలు నెమ్మదిగా తీసి మెడలో వేసుకున్నాడు.

"ఎంత ఐకమత్యం అమ్మా" అన్నాడు. నేరుగా అత్త దగ్గరికి వచ్చాడు. "ఇంకా కొంచెం వెలుతురు ఉంది. మీ అబ్బాయిని రప్పించాను, బయట జీపులో కూర్చుని ఉన్నాడు. ఆ జీపు వంటశాలకు వెళ్ళొచ్చు. గోతికీ వెళ్ళొచ్చు. ఎటు వెళ్ళాలో మీరే చెప్పండి."

పిడుగు పెట్టె మీద నిలబడి పిడికిళ్ళు బిగించింది. అత్త గుమ్మంవైపు చూసింది. అక్కడినుంచి జీపు కనపడదు, దాని ఇంజను మోత మాత్రం వినపడుతోంది. చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

"మైకు ఇవ్వు బాబూ" అంది.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను అత్త పెదాలు చూడలేక నేల చూశాను.

"గడప మీద నిలబడ్డాననుకోవాలి. అంతేగా?"

"అంతేనమ్మా. కళ్ళు మూసుకోండి." ఆయన గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. వేలెత్తాడు. తీగలవాడు మీట నొక్కాడు.

"నాయనా" అంది అత్త.

అదే గొంతు. కూడు చల్లారిపోతోందనే గొంతు. మెత్తనయ్య ముఖం విప్పారింది.

"నాయనా, అమ్మనే. లేవకు. ఎవరు పిలిచినా లేవకు. ఇక్కడ కంచం లేదు, తుపాకీ ఉంది. ఒరే, ఇటు గురిపెట్టుకుని కూర్చున్న పిల్లలూ, మీక్కూడా అమ్మనే చెబుతున్నా. వేలు తియ్యండి నాయనా. మీ కూడు నేను—"

మెత్తనయ్య తీగ పట్టి లాగాడు. బల్ల మీదున్నవన్నీ కింద పడ్డాయి. మొదటిసారి ఆయన గొంతు పెంచాడు. ఆ అరుపు మాటగా తేలకముందే పిడుగు పెట్టె దిగి తన మగ్గం మీట తిప్పింది. తర్వాత వదిన. తర్వాత నేను. తర్వాత మెట్లింటామె. ఒక వరస తర్వాత ఒక వరస మగ్గాలు లేచాయి. నేల అదిరింది. నాడెలు కొట్టుకున్నాయి. జీపు ఎటు వెళ్ళిందో మాకు వినపడలేదు.

ఇద్దరు సైనికులు అత్తని రెక్కలు పట్టుకుని నడిపించారు. గుమ్మం దగ్గర ఆవిడ వెనక్కి తిరిగింది. మెడ చాచి నన్ను వెతికింది. పెదాలు పెద్దగా విప్పింది.

"వాడు తిరిగొస్తే పిలవకు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పెట్టు."

సరేనన్నాను. ఆవిడ నా పెదాలు చదివింది. గుమ్మం ఖాళీ అయింది.

పిడుగు మళ్ళీ పెట్టె ఎక్కింది. "రేపు మైకు ముందు లేవకు అని చెప్పేది ఎవరు?" అని అడిగింది.

"నేను" అంది మెట్లింటామె.

"నేను" అంది వదిన. ఆ మాట వరస వెంట షెడ్డు చివరిదాకా వెళ్ళి, తిరిగి నా దగ్గరికి వచ్చింది. నేనూ అన్నాను.

మెత్తనయ్య మగ్గాల మధ్య నిలబడి అరుస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆ పెదాలు చదవడం మాకు కష్టమేమీ కాదు. ఎవరం చదవలేదు.